అమ్ముడుపోని కంకులు

పొద్దు గుంకిందో, కొండల వెనక ఎవరైనా మింగేశారో తెలియని అమావాస్య సంధ్య అది...! హుకుంపేట కొండల మీద కారుమేఘాలు కమ్ముకున్నాయి. పనసచెట్టు మీది గుడ్లగూబ వికృతంగా కూసింది. ఉరుముకు ఇంటి రేకులు గడగడలాడాయి.

అటువంటి వేళ ఇంట్లో దీపం వెలగాలి కదా, తల్లీ! నిర్మల వెలిగించలేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆటలో మునిగిపోయింది. ఆ ఆటలో ఆమెకు తోడు వజ్రిణి అనే విలుకత్తె. వానాకాలమంతా ఇద్దరూ కలిసి అరణ్యాలు దాటారు, రాక్షసులను కూల్చారు. ఏనాడూ ఏమీ అడగని వజ్రిణి ఇవాళ నోరు తెరిచి అడిగింది.

"మా అమ్మ ప్రాణాన్ని కరాళదత్తుడు కపాలంలో బంధించాడు. విడిపించవా?"

ఈ పనిలో వజ్రిణి చచ్చిందా, ఆటలో ఇంకెప్పటికీ తిరిగి రాదు! అందుకే నిర్మల దీపం మాటే మరిచిపోయింది.

గుహలో హోమగుండం భగభగ మండుతోంది. చితాభస్మం పూసుకున్న మాంత్రికుడు కరాళదత్తుడి ముందు కపాలం... దాని కళ్ళ గుంటల్లో నీలి వెలుగు! గుహ గుమ్మంలో ఎవరూ మొక్కని దేవుడి రాయి, దాని పక్కన పొగలు కక్కే కొత్త పంట అన్నం. గాయాలతో తూలుతున్న వజ్రిణికి బలం వస్తుందని నిర్మల ఆ అన్నం తినిపించేసింది. తనకూ ఆకలేసింది. తెర మీంచి చూపు తిప్పకుండా పక్కనున్న దాకలో చెయ్యి పెట్టి ఒక ముద్ద నోట్లో వేసుకుంది...

అయ్యో! అది ఆ ఏటి కొత్త సామన్నం! ముహూర్తం చూసే దిసారి చెప్పిన వేళకు నిశాని దేవుడికి పెట్టాలని నాయనమ్మ సోములమ్మ వండి దించినది. దేవుడు తినకముందు ఆ కొండల్లో ఎవరూ కొత్త గింజ ముట్టరు!

"హహ్హహ్హా...! దేవుడి కంటే ముందు తిన్న ప్రాణాలు రెండూ నావే!"

ఆ నవ్వు తెరలోంచి వచ్చిందో, చూరులోంచి వచ్చిందో! నిర్మల కళ్ళు పైకి తేలిపోయాయి. నోటి వెంట వజ్రిణి గొంతు... "అమ్మా! కాలిపోతున్నాను...!"

కట్టెలమోపుతో లోపలికొచ్చిన సోములమ్మ దాకను చూసి మోపు వదిలేసింది.

"ఎంగిలి సేసీసినావేటే గుంటా!"

"మామ్మా... కుడిచెయ్యి నా మాట ఇనట్లేదు!"

నిజమే. ఆ చెయ్యి ఆటలో కత్తిని దానంతటదే కింద పడేసింది. తెర మీద వజ్రిణి కంట నెత్తురు కారుస్తూ నిర్మల వైపే విల్లు ఎక్కుపెట్టింది!

"ఎవడ్రా నువ్వు? మా గుంటతో నీకేటి పనిరా, ఎదవా! ఉండు, దీని మూత మూసీత్తాను."

"మూయకు మామ్మా! మూత్తే వజ్రిణి సచ్చిపోద్ది!"

ముసలామె చెయ్యి ఆగింది. తెర మూల వజ్రిణి సంచి కనబడుతోంది.

"ఆ సంచిలోయి ఏటే?"

"కంకులు. ఆళ్ళమ్మ ఇచ్చిందంట. ఎన్ని కొట్లల్లో అమ్మబోయినా ఎవడూ కొనలేదు."

"దేవుడి కంకులు ఎవడు కొంటాడే, ఎర్రిదానా! ఆ గుమ్మంలో రాయుంది సూడు. బేగి ఎట్టు!"

చూరుకు కట్టిన సామకంకులు ఫట్టున తెంపి, వీధికి అవతలున్న నిశాని రాయి దగ్గరకు సోములమ్మ వానలో పరుగెత్తింది. ఇక్కడ నిర్మల ఎడమచేత్తో... మెల్లగా... మెల్లగా... కంకులను గుహ గుమ్మంలోని రాయి మీద పెట్టింది. అక్కడ ముసలామె పెట్టింది. విల్లు నుంచి బాణం విడిచే క్షణం!

ఫెళ్ళున పిడుగు!!

గుహ గుమ్మంలో రాయి బద్దలై, కోటి సూర్యుల తేజస్సుతో దేవత లేచింది! ఆ హుంకారానికి కపాలం వేయి ముక్కలైంది. ఇన్నేళ్ళూ దేవతల కంటే ముందు మింగిన మెతుకులన్నీ నిప్పురవ్వలై కరాళదత్తుడి గొంతులోంచి ఎగదన్నాయి. "వద్దు...! వద్దు...!" అంటూనే వాడు బూడిదైపోయాడు!

కపాలంలోని తల్లి ప్రాణం తెల్లని పొగలా వచ్చి వజ్రిణి నుదురు తాకి వెళ్ళిపోయింది. 'వజ్రిణి కోరిక నెరవేరింది' అని తెర మీద అక్షరాలు వెలిగాయి. నిర్మల కుడిచెయ్యి కదిలింది.

సోములమ్మ దాక కడిగి, మళ్ళీ వండి, దేవుడికి పెట్టి వచ్చింది. విస్తళ్ళు రెండు కాదు, మూడు వేసింది. మూడోది ల్యాప్‌టాప్ ముందు.

"అదేటి మామ్మా?" నిర్మల నవ్వింది.

"తల్లి లేని గుంట. దానికెవులు ఎడతారే?"

నిర్మల తన విస్తరి మీదకు వంగి ఒక ముద్ద తిని తల ఎత్తింది. నవ్వు ఆగిపోయింది. మూడో విస్తరిలో మెతుకు లేదు! తెరలో చలిమంట పక్కన కూర్చుని, వజ్రిణి తీరిగ్గా వేళ్ళు నాకుతోంది...!