ఎర్ర దారం కట్టిన సీటు

"ఆ సీట్లో ఎందుకు కూర్చున్నారు?"

ఇలింకా అడిగిన తీరుకి లివియు ఉలిక్కిపడి లేచాడు. చేతిలో కొలత టేపు. బుకారెస్ట్ శివార్లలో విమానాల సీట్లకు కవర్లు కుట్టే ఆ షెడ్డుకి అతను వచ్చి వారమైంది. ఆఫీసువాళ్లు పంపారట. ఎందుకు పంపారో ఎవరూ చెప్పలేదు. అనుమానం పుట్టడానికి అది చాలదూ?

"కొలుస్తున్నానండీ. తాతల కాలం సీటు కదా, ఎంత వెడల్పో! పక్కన పిల్లిని కూడా పడుకోబెట్టొచ్చు."

"కొలిచి?"

"కొత్తవాటితో పోల్చి చూస్తా."

"పోల్చి?"

"మీరు సూది కన్నా ఎక్కువ పొడుస్తారండీ!"

ఇలింకా నవ్వలేదు. మూలనున్న ఆ పాత సీటుకి మందమైన మెత్త, చేయి ఆన్చే కమ్మీలో సిగరెట్ బూడిదకి మూతున్న చిన్న గూడు. షెడ్డులో అందరికన్నా పెద్దావిడ సాఫ్తా పిన్ని, కొత్త పెళ్లికూతురుగా పనికి వచ్చిన రోజుల్లో చేత్తో కుట్టింది దాన్ని. తర్వాత సీట్లు ఏటికేడు సన్నబడ్డాయి. సన్నబడినప్పుడల్లా షెడ్డులో ఎవరో ఒకరి పని పోయి కుర్చీ ఖాళీ అయ్యింది.

"విమానంలో తెరకి అవతల కూర్చున్నవాళ్లకి పడకలు, ఇవతలి వాళ్లకి మోకాళ్లే దిండ్లు," అంటుంది పిన్ని. "ఈసారి ఎవరి వంతో!"

తన వంతేనని ఇలింకా భయం. ఎందుకంటే లివియు నిన్న అడిగాడు, "వీటిలో మీరు కుట్టినవి ఏవండీ?" అని.

"ఎందుకు?"

"ఊరికే."

ఊరికే అడిగేవాడు తల ఎందుకు దించుకుంటాడు?

ఆ సాయంత్రం తను కుట్టిన సీటు కింద ఎర్ర దారం కొస కనబడింది. ఆ షెడ్డులో ఎర్ర దారం కట్టారంటే కుట్టు పనికిరాదని అర్థం. మరునిమిషం భయం పాలపొంగులా కోపమైంది. చేతిలో కత్తెరతోనే లివియు మీదికి నడిచింది.

"ముందా కత్తెర కింద పెట్టి వెళ్లు తల్లీ!" అని పిన్ని వెనక నుంచి అరిచింది.

"నా కుట్టులో ఏం తప్పుంది? ముఖం మీద చెప్పే ధైర్యం లేదా?"

లివియు ముఖం పాలిపోయింది. "అయ్యో, అప్పుడే చూశారా? రేపు కదా చూడాలి!"

"ఓహో, ముహూర్తం పెట్టి మరీ ఇంటికి పంపిస్తారన్నమాట!"

ఇలింకా వెనక్కి తిరిగి సీటు కింది దారం విసురుగా లాగింది. ఎరుపు వెనకాలే తెలుపు వచ్చింది, రెండూ పేనుకుని. చివర పాత సీటు తోలు ముక్కతో చేసిన బుల్లి కుర్చీ ఊగుతోంది.

రేపు మార్చి ఒకటి. మగవాళ్లు నచ్చిన అమ్మాయికి ఎరుపు తెలుపు దారంతో చేతికి కట్టే చిన్న కానుక, మర్త్సిషోర్, ఇచ్చే రోజు.

"ఎర్ర దారమంటే ఇక్కడ ఏమిటో తెలుసా మీకు?" ఆమె గొంతులో కోపం సగం తగ్గింది.

"నాకు తెలిసిన ఎర్ర దారం ఇదొక్కటేనండీ."

పిన్ని పడీపడీ నవ్వింది. ఇలింకాకి మాత్రం అనుమానం పూర్తిగా తీరలేదు.

"ఇది సరే. మరి ఆ కొలతలు?"

"ఒక కంపెనీకి ముందు క్లాసులో మళ్లీ వెడల్పు సీట్లు కావాలట. చేత్తో కుట్టేవాళ్లు ఇంకా ఉన్నారేమో చూసి రమ్మన్నారు. ఉన్నారని చెప్పేశాను. మీ ఎవ్వరి పనీ పోదు."

"ఎప్పుడు చెప్పారు?"

"వచ్చిన రోజే."

"మరి వారం నుంచీ ఏం కొలుస్తున్నారు?"

లివియు చెవులు ఎర్ర దారం రంగుకి తిరిగాయి.

"కూర్చోండి ఇద్దరూ," అంది పిన్ని. "ఆ పాత సీట్లో కాదు, దూరం ఎక్కువ. ఇదిగో, కొత్త వరసలో!"

కూర్చున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే చేతి కమ్మీ. మోచేతులు తగిలాయి. ఎవరూ తీయలేదు.

"ఇంత ఇరుగ్గా మీరే కొలిచారా?"

"కాదండీ. కొలిచినవాడు కనబడితే దండం పెడతా!"

ఇలింకా పెదవి బిగించి మణికట్టు చాపింది.

"కట్టండి. ముడి గట్టిగా వేయాలి. నేను లాగి చూశాకే పాస్ చేస్తా."