నిండు బండి

తెల్లవారి ఐదు కాకముందే గంగారాజం బండి కిందికి దూరాడు.

కోరుట్లలో, మెట్‌పల్లి రోడ్డు మీద, ఇంటికి ఆనుకుని ఉన్న ఆ రేకుల మెకానిక్ షెడ్డు అతని కూతురు సౌమ్యది. అలైన్‌మెంట్ మిషను, రెండు జాకీలు, గోడకు వేలాడే పానాలు, అన్నీ మూడేళ్లలో ఆమె ఒక్కొక్కటిగా కూర్చుకున్నవి. పందొమ్మిదేళ్లు దుబాయిలో పెద్ద బండ్ల గ్యారేజీలో పనిచేసి ఐదు నెలల కింద తిరిగొచ్చిన గంగారాజానికి ఆ షెడ్డు కంట్లో నలుసైంది. అసలు ఇంట్లో అతనికి కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది. "నీ బిడ్డ బండ్ల కింద పండుకుంటదట గదా" అని ఎవరో నవ్వినప్పటి నుంచి నిద్ర కూడా పోయింది. ఎవరినీ అడక్కుండా షెడ్డును ఒక బట్టల దుకాణం ఆయనకు కిరాయికి మాట్లాడేశాడు. ఈ సాయంత్రం నాలుగింటికి అతను తాళంచెవి కోసం వస్తాడు. ఆ మాట నిన్న చెబితే సౌమ్య అన్నం ముందు నుంచి లేచిపోయింది.

ఆఖరి పనిగా ఈ బండి మిగిలింది. ఇబ్రహీంపట్నం మధుకర్‌ది, ఏడు సీట్ల పెద్ద ఎస్‌యూవీ. గల్ఫ్ పోయేవాళ్లను శంషాబాద్ విమానాశ్రయానికి తోలుతుంటాడు. బండి ముందు భాగం వెనకకంటే రెండున్నర అంగుళాలు కిందికుండి, ఊళ్లో స్పీడ్ బ్రేకర్లకు బంపర్ గీసుకుంటోంది. ముందు సస్పెన్షన్ లేపాలి. దుబాయిలో ఇలాంటివి వందలు చేశాడు గంగారాజం. సూట్‌కేసులో తెచ్చుకున్న ఇనుప స్పేసర్లు, ఎత్తు పెంచే మందపాటి బిళ్లలు, తీసి, ముందు షాకబ్సర్ల మీద ఒక్కోటి బిగించేశాడు.

ఎనిమిదింటికి సౌమ్య షెడ్డులోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"బాపూ! నా పని నిన్నెవలు ముట్టుమన్నరు?"

"టేపు పెట్టి సూడు బిడ్డా. నేల నుంచి మడ్‌గార్డు దాకా ముందట ముప్పై ఆరు అంగుళాలు, ఎనుక ముప్పై ఆరు. ఎంటికంత తేడా లేదు."

"గది ఖాళీ బండి లెక్క. గీ బండి ఖాళీగ ఎన్నడు పోతది? కంపెనోడు ముందట ఊకెనే తక్కువ పెట్టలే. మంది ఎక్కితే ఎనుక కుంగుతది, అప్పుడు సమానమైతది. నువ్వు గింత లేపితే నిండు బండికి ముక్కు మీదికి లేస్తది. స్టీరింగ్ తేలిపోతది, లైట్లు ఎదురొచ్చేటోని కండ్లల్ల కొడ్తయ్. నేను ఒక్క అంగుళమే లేపుదామని జగిత్యాల లేత్ మిషన్ల స్పేసర్లు గూడ చేయించిన."

"ఓహో! దుబాయిల షేకులు నా పనికే వరుస కట్టిండ్రు. నువ్వు నాకు నేర్పుతున్నవా?"

గంగారాజం భార్య వసంత రెండు చాయ్ గ్లాసులు పట్టుకొచ్చింది. "ముందుగాల తాగుండ్రి. కొట్లాడనీకి బలం కావాలె గదా" అంది. చాయ్ చల్లారిపోయింది.

రెండింటికి మధుకర్ దిగాడు. వెనక ఆటోలో అతని ఊరి రాములవ్వ, దుబాయి పోతున్న ఆమె కొడుకు సతీశ్, కోడలు దీప, ఇద్దరు చుట్టాలు, తాళ్లు కట్టిన బ్యాగులు. సతీశ్ విమానం తెల్లవారుజామున మూడింటికి. ఎక్కే మనిషి ఒక్కడు, సాగనంపేది ఇంటిల్లిపాది.

"అయిందా కాకా? తాళం ఇయ్యి, ఎల్లిపోతం" అన్నాడు మధుకర్.

బండి తాళం సౌమ్య పిడికిట్లో ఉంది. "ఇయ్యను. గిట్ల పోనియ్య" అంది.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?" గంగారాజం గొంతు షెడ్డు రేకులకు తగిలింది. "నాలుగింటికి షెడ్డే ఉండదు, నీకేం పనే ఇగ? తాళం ఇయ్యి!"

"షెడ్డు తీస్కో. మందిని మాత్రం గీ బండిల పంపను."

గంగారాజం చెయ్యి లేచింది. దీప కెవ్వుమంది.

వసంత ఆ చేతిని ఆపలేదు, అరవలేదు. గబగబా పోయి బండి వెనక తలుపు తెరిచి, అన్నిటికంటే చివరి సీట్లో కూర్చుంది. "రాములక్కా, అందరు ఎక్కుండ్రి. బ్యాగులు గూడ ఎయ్యుండ్రి. టేపు అబద్ధమాడదు గదా, ఎవరి లెక్క నిజమో సూద్దం."

రాములవ్వ అయోమయంగా ఎక్కింది. ఆమె వెంట అందరూ ఎక్కారు. బ్యాగులు పడ్డాయి. ఒక్కొక్కరికీ బండి వెనక భాగం కిందికి దిగుతూ వచ్చింది. లేచిన చెయ్యి దించుకుని గంగారాజం టేపు తీశాడు. వెనక ముప్పై నాలుగు. ముందు ముప్పై అయిదున్నర. నమ్మక మళ్లీ కొలిచాడు. టేపు మారలేదు.

"దుబాయిల ఎన్నడు గిట్ల కాలే" అన్నాడు మెల్లగా.

"ఆడ షేకు ఒక్కడే కూసుంటడు గదా బాపూ."

"నీకెట్ల ఎరుకనే గిది?"

సౌమ్య చివరి సీట్లో ఉన్న తల్లిని చూపించింది. తర్వాత ఆగకుండా చెప్పింది. "తొమ్మిది సార్లు నిన్ను విమానం కాడికి తోలిచ్చినం. నువ్వు డ్రైవర్ పక్కన కూసుంటివి. నేను, గీ అవ్వ, గా ఎనుక సీట్ల, నీ బ్యాగు మా ఒడిల. ముందట లేసి ఎనుక కుంగిన జీపు. ఎదురొచ్చిన ప్రతి లారీవాడు లైట్లు కొట్టి తిట్టుకుంట పోయేది. నేను భయానికి అవ్వ కొంగు నోట్ల పెట్టుకుంటుంటి. నువ్వు ఒక్కసారన్న ఎనుకకు మర్రి సూడలే."

గంగారాజం నోరు తెరిచాడు. వెనక్కి తిరిగి చూస్తే ఏడుపొస్తుందని, ఏడిస్తే విమానం ఎక్కలేనని, ఆ మాట పందొమ్మిదేళ్లు గొంతులోనే ఉంది. ఇప్పుడూ రాలేదు. పోయి జాకీ ఈడ్చుకొచ్చాడు.

"మధుకర్, మూడు గంటలు ఆగు. సతీశ్‌కు ఆలిస్యం కానియ్య" అని, కూతురి వైపు తిరిగాడు. "నీ స్పేసర్లు ఏడున్నయ్ బిడ్డా? ఎంత బిగించాలెనో చెప్పు."

చక్రాలు ఊడాయి. మాటలు తగ్గాయి, పానాల చప్పుడు పెరిగింది. నాలుగింటికి బట్టల దుకాణం ఆయన గుమ్మంలో నిలబడి దగ్గాడు.

గంగారాజం బండి కింది నుంచే అన్నాడు. "షెడ్డు ఖాళీ లేదయ్యా. మా బిడ్డ పని నడుస్తున్నది."

సౌమ్య చేతిలో పానా ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తిరిగింది.

ఐదున్నరకు నిండు బండికి ముందు ముప్పై నాలుగు, వెనక ముప్పై నాలుగు. అలైన్‌మెంట్ సరిచేసి, లైట్లు దించి, ఒక చుట్టు తిప్పి చూద్దామంది సౌమ్య. చుట్టాలిద్దరూ షెడ్డులో ఆగారు. సౌమ్య స్టీరింగ్ ముందు కూర్చుంది. మధుకర్ ఆమె పక్కన, రాములవ్వ కుటుంబం మధ్యలో ఎక్కారు. గంగారాజం వంగి చివరి సీట్లోకి, వసంత పక్కకు దూరాడు. మోకాళ్లు గుండెకు తగిలాయి. సతీశ్ బ్యాగు అతని ఒడిలో పడింది.

బండి కదిలింది. మొదటి స్పీడ్ బ్రేకర్ గీసుకోకుండా దాటింది. మసక వెలుతురులో ఎదురొచ్చిన లారీ లైట్లు కొట్టకుండా పక్క నుంచి పోయింది.

అంతమంది తలల మీదుగా గంగారాజానికి స్టీరింగ్ దగ్గరున్న కూతురి జడ, మెడ వెనక భాగం మాత్రమే కనిపిస్తున్నాయి. ఎంత మెడ చాచినా ముఖం కనబడలేదు. శంషాబాద్ దాకా ఐదు గంటలు. తొమ్మిది సార్లు. వీళ్లిద్దరూ చూసింది తన వీపునేనా?

"బిడ్డా" అన్నాడు. "జర బండి ఆపు. ఒక్కసారి ఎనుకకు మర్రి సూడు."

సౌమ్య బండిని రోడ్డు పక్కకు తీసి ఆపింది. వెనక్కి తిరిగింది. ఆమె ముఖం కనబడగానే గంగారాజం కళ్లు నిండాయి. వసంత కొంగు తీసి మొగుడి చేతిలో పెట్టింది.