ఊజ్ అంటే ఏమిటి మాస్టారూ

"మా నూనెకి చీము పట్టిందని రాశారేంటి మాస్టారూ?"

సుహెయ్లా నాతో అన్న మొదటి మాట అది. ఐవాలిక్ హైస్కూలు స్టాఫ్‌రూములోకి వానలో తడుస్తూ వచ్చింది. చేతిలో నూనె డబ్బాకి అంటించే చీటీ.

నేను ఆ ఊరికి ఇంగ్లీషు టీచరుగా వచ్చి నెల కాలేదు. వాళ్ళ నాన్న హిల్మీ గారికి ఆలివ్ గానుగ ఉండేది. విదేశాలకు పంపే డబ్బాల మీదకి ఇంగ్లీషు ముక్క కావాలంటే నేనే రాసిచ్చాను. మేలిరకం నూనెని మా భాషలో సిజ్మా అంటాం, కాయల్లోంచి మెల్లగా ఊరేది అని. నిఘంటువులో చూస్తే ఊజ్ అని ఉంది. 'ఊజింగ్ ఆలివ్ ఆయిల్' అని దర్జాగా రాశాను.

"సిజ్మాక్ అంటే ఊరడం, అది ఊజే కదండీ."

"పుండు రసి కారినా ఊజే. ఏటి అడుగు బురదా ఊజే. నేనూ ఇజ్మీర్‌లో ఇంగ్లీషు చదువుకున్నాను లెండి. లండన్ వాళ్ళు సలాడ్‌లో బురద పోసుకుంటారా?"

"పోనీ, సీప్ అందామా?"

"గోడకి చెమ్మ దిగినట్టుంటుంది."

"ట్రికిల్?"

"కుళాయి పాడైనట్టుంటుంది. అసలు మీరు నూనె ఊరడం ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. ఆ సాయంత్రమే గానుగకి తీసుకెళ్ళింది. ఆలివ్ ముద్ద పరిచి దొంతరగా పేర్చిన చాపల అంచుల్లోంచి ఆకుపచ్చటి నూనె, తొందరేమీ లేకుండా దిగుతోంది. నా చూపు మాత్రం ఆమె చెంప మీద ఆగిన వాన చుక్క దగ్గరే ఆగిపోయింది.

"నూనె ఇటుంది మాస్టారూ," అంది.

ఆ గానుగ ఇప్పుడు హోటలైపోయింది. వాన పడిన సాయంత్రాల్లో ఆ నూనె వాసన మాత్రం ఎక్కడినుంచో వచ్చి నన్ను పలకరిస్తుంది.

చివరికి చీటీ మీద మాట ఆమే రాసుకుంది. డబ్బాలు ఓడెక్కాయి. నేను గానుగకి వెళ్ళడం మానలేదు. "ఇంకా ఆ చీటీ పని తెమల్లేదా మాస్టారూ?" అని మంగలి కూడా అడగడం మొదలుపెట్టాడు. గుట్టు బయటికి పొక్కినా మా భాషలో సిజ్మాకే.

ఓ రోజు సుహెయ్లా సూటిగా చెప్పింది. "శనివారం నాన్న మిమ్మల్ని భోజనానికి పిలుస్తారు. ఆదివారం ఎద్రెమిత్ ఊరి సబ్బుల వ్యాపారులు నన్ను చూడ్డానికొస్తున్నారు. మాట్లాడతారో మానేస్తారో మీ ఇష్టం."

శనివారం హిల్మీ గారు చేపలు వేయించి రకీ పోశారు. నాకు అలవాటు లేదు. ధైర్యం వస్తుందని తాగాను. "హిల్మీ గారూ" అని మొదలుపెట్టడం వరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి తెల్లారింది. సోఫాలో ఉన్నాను, ఎవరో ఉన్ని దుప్పటి కప్పారు. ఎదురుగా హిల్మీ గారు రొట్టె, జున్ను తింటున్నారు.

"తాగి పడిపోవడాన్ని ఏమంటారు మాస్టారూ?"

"సిజ్మాక్ అనేనండి." తలెత్తలేకపోయాను. "క్షమించండి, వెళ్ళొస్తాను."

"మంచిది. సబ్బులవాళ్ళు వచ్చే వేళైంది."

దుప్పటి మడతపెట్టి లేవబోయాను. అంతలో సుహెయ్లా రెండు కాఫీలు తెచ్చి, నా వైపు చూడకుండా పెట్టి వెళ్ళిపోయింది. ఒక గుక్క తాగాను. ఉప్పు. సముద్రం తాగినట్టుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆపకుండా కప్పు ఖాళీ చేశాను.

హిల్మీ గారు నా ముఖం చూశారు. కప్పు తీసుకుని, అడుగున మిగిలిన చుక్క నాలిక మీద వేసుకున్నారు. వంటింటి వైపు ఓ చూపు చూశారు.

"ఉప్పు కాఫీ పిల్లనడగడానికి వచ్చినవాడికే ఇస్తారు," అన్నారు. "ఇంతకీ నువ్వు అడిగావా?"

"రాత్రి అడుగుదామనేనండి..."

"నువ్వు అడిగేదాకా ఆగితే మా పిల్ల ముసలిదైపోతుంది." ఆయన లేచి ఫోను దగ్గరికి నడిచారు. "ఎద్రెమిత్ వాళ్ళని రావద్దని చెబుతాను. మీ అమ్మానాన్నల్ని ఎప్పుడు తీసుకొస్తావు?"

నోరు ఉప్పుకి పిడచకట్టుకుపోయి, చెప్పబోతే దగ్గొచ్చింది.

"నాన్నా," వంటింట్లోంచి సుహెయ్లా గొంతు, "ముందు ఆయనకి కాసిని మంచినీళ్ళివ్వండి."