ఐసులో నిద్రపోయిన పీతలు

"చచ్చిన పీతలు అంటగడతావా?" ఝాన్సీలక్ష్మి గుమ్మంలోనే నిలదీసింది.

"చావనేదు దీదీ. ఐసులో తొంగున్నాయి," అన్నాడు పీతలమ్మే మల్లేశు, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న తనకే చావు సంగతి చెబుతున్నాడు! ఆమె బుట్టను విసురుగా వంటింట్లో బోర్లించి వచ్చింది. కాసేపటికి లోపల గిన్నెలు దొర్లాయి. వాళ్లమ్మ శారదాదేవి కేక వేసి బల్ల ఎక్కింది. పీతలు వంటిల్లంతా షికారు చేస్తున్నాయి.

ఝాన్సీకి నవ్వాగలేదు. "విదేశాల్లో డాక్టర్లు మనుషులకీ ఇదే చేసి చూస్తున్నారట. దెబ్బ తగిలి, రక్తమంతా పోయి గుండె ఆగితే, చల్లటి సెలైన్ ఎక్కించి ఒళ్లు చల్లబరుస్తారు. ఆలోగా గాయం కుట్టి, మెల్లగా వెచ్చబెడతారు."

మల్లేశు నవ్వలేదు. పీతల్ని పట్టి ఇచ్చి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ దీవి ఊళ్లోనే షాదీపూర్ పేట నుంచి మిడిల్ పాయింట్‌లోని వాళ్లింటికి పీతలతో వచ్చేవాడు. "దీదీ, ఒక మాట అడగాల," అనేవాడు. వాన వంక చూసేవాడు. మాట మింగేసి, ఝాన్సీ ఇచ్చిన టీ సగంలో వదిలేసి వెళ్లేవాడు.

ఆ మాటేమిటో ఝాన్సీకి తెలుసు. ఆదివారాలు జడ వేసుకోవడానికి ఆమెకు కాస్త ఎక్కువసేపే పట్టేది. జవాబు కూడా సిద్ధంగా ఉంది.

చివరికి ఒక ఆదివారం, బుట్ట శారదాదేవికి అందించి, అడిగేశాడు.

"మాయన్నకి బోటు పంకా తగిలి తొడ తెగిపోనాది, దీదీ. జెట్టీకి చేరీలోగా రగతమంతా పోనాది. నాను గుడ్డతో అదిమి, దుప్పటి కప్పి కూకున్నాను. బోటు నిండా ఐసే. అందులో పెట్టుంటే బతికీవోడేటి?"

సిద్ధం చేసుకున్న జవాబు ఈ ప్రశ్నకు కాదు. ఝాన్సీ అతని ఎదురుగా కూర్చుంది.

"లేదు మల్లేశూ. అది ఆపరేషన్ థియేటర్లో మిషన్లు పెట్టుకుని చేసేది. అక్కడా ఇంకా పరీక్షలే. బోట్లో ఐసు పెడితే రక్తం గడ్డకట్టక ఇంకా పోయేది. నేనున్నా నువ్వు చేసిందే చేసేదాన్ని."

"సచ్?"

"సచ్. నిజంగానే."

ఇన్ని వారాల్లో మొదటిసారి, అతను ఆమె ఇచ్చిన టీ చివరి చుక్కదాకా తాగాడు.

"ఇంకో మాట ఉంది, దీదీ..."

"ఆ మాటకైతే దీదీ అనకు."

"మరేటనాల?"

ఝాన్సీ నోరు విప్పేలోగా వంటింట్లో బల్ల కిర్రుమంది.

"పేరు పెట్టి పిలువు నాయనా!" బల్ల మీంచి శారదాదేవి అరిచింది. "ముహూర్తం నేను చూస్తాను గాని, ముందొచ్చి ఈ పీతల్ని పట్టు!"