ఐదో గెస్టు

చోడవరంలో పాత ఐసుమిల్లు మాటెత్తితే చాలు, పొద్దోయేక ఆ ఊసెందుకు బాబూ అంటారు. గోవాడ రోడ్డు మీద, ఊరు అయిపోయే చోట ఉంటాదది. ముందువేపు కిటికీ అన్నదే లేని మొండి గోడలు. ఎనకటెప్పుడో ఐసు దిమ్మల గదిలో ఒక కూలోడు ఉండగానే తలుపేసీసేరట... అప్పట్నించీ ఆ గోడకి చెవి పెడితే ఎవరో ఊపిరి బిగబట్టినట్టు, కాసేపటికి వదిలినట్టు వినిపిస్తాదని చెప్పుకుంటారు. విన్నానని ఒట్టేసినోళ్లు నాకే నలుగురు తెలుసు. అందులో ముగ్గురు తాగుబోతులనుకోండి. నాలుగో ఆయన మాత్రం పోస్టుమాను.

అలాంటి కొంపని ఏరికోరి కంప్యూటర్ సెంటరుకి తీసుకున్నాడు వైజాగ్ కృష్ణంరాజు. గోడలు మందం, లోపల చల్లన, మిషన్‌కి మంచిదన్నాడు. దెయ్యాలూ గియ్యాలూ ఆయనకి పట్టవు. ఎందుకు పడతాయి? రాత్రి ఆయన పడుకునేది వైజాగ్‌లో కదా!

ఇది తొంభైతొమ్మిది నాటి మాట. మిషన్ తెచ్చి నిలబెట్టినవాడు అల్తాఫ్ అని చోడవరం కుర్రాడే. మంచి తెలివైనవాడు. వానాకాలంలో ఒక తెల్లారి చూస్తే — కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, చెయ్యి కీబోర్డు మీద ఉండగానే పోయేడు. డాక్టరు గుండె ఆగిందన్నాడు. ఊరు వేరే మాటంది.

ఆ కుర్చీలోకి వచ్చేడు వాజిద్.

అనకాపల్లి మనిషి. పెళ్లాం కాన్పులో పోయింది. పుట్టిన గుంట, షబ్నమ్, అత్తగారి దగ్గర పెరుగుతంది. "నిలకడైన ఉద్యోగం సంపాదించుకో బాబూ, ఆ రోజే పిల్లని తీసుకెళ్లు. అంతదాకా అడక్కు" అని అత్తగారు ఖరాఖండీగా చెప్పీసింది. కొన్నాళ్లు పని చూసి పర్మినెంటు చేస్తానన్నాడు రాజుగారు. అంచేత వాజిద్ దెయ్యాల మిల్లని చూడలేదు, రాత్రి డ్యూటీ అనీ చూడలేదు. కూతురు తన దగ్గరికి రావాలి, అంతే.

ఎదురుగా నరసమ్మ టీ కొట్టు. ఆవిడ చీకటి పడుతుండగానే పొయ్యి మీద నీళ్లు చల్లీసి, తడిక మూసుకుని ఎళ్లిపోయేది. ఆ తర్వాత తెల్లారి అనకాపల్లి బస్సు ఎక్కేదాకా వాజిద్‌తో పలికే నోరు లేదు. ఒంటరితనం అలవాటైపోతాదంటారు. ఒట్టి అబద్ధం. ఒక్కోసారి తన గొంతు తనకే వినాలనిపించి, "ఏరా వాజిదూ, తిన్నావా?" అని గట్టిగా అడుక్కునేవాడు. జవాబు కూడా తనే చెప్పుకునేవాడు పాపం.

ఇంక అసలు సంగతి...

రోడ్డు మీద బస్సులు పల్చబడే వేళకి — తెరల మీద మిణుకుమిణుకుమనే కర్సరు మిణకడం మానీసేది. డిస్కు టకటకలు ఆగిపోయేవి. ఏ మీట నొక్కినా పలకదు. గదిలో ఫ్యాన్ల హోరు ఒక్కటే... ఎవరో ఊపిరి బిగబట్టి చెవొగ్గి వింటన్నట్టు. కాసేపటికి అన్నీ ఒక్కసారి కదిలేవి. మళ్లీ ఆగేవి. మళ్లీ కదిలేవి.

అక్కడితో అయితే బాగుణ్ణు. మూలనున్న ప్రింటరు — ఎవరూ ముట్టుకోకుండా — గర్రుమని లేచేది!

కాయితం మీద అక్షరం ముక్క ఉండేది కాదు. పువ్వులు. తీగలు. మామిడి పిందెలు. చుక్క పక్కన చుక్క పెట్టి, ఓపిగ్గా, అందంగా. ఆ అందం చూస్తేనే ఎక్కువ భయమేసేది వాజిద్‌కి.

మొదటి రాత్రి చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెట్టేడు. తెల్లారేక నరసమ్మకి కాయితాలు చూపిస్తే ఆవిడ నాలుక్కరుచుకుంది.

"ఒరే బాబూ... ఇయ్యి ఇంట్లో ఉంచకు. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి గుమ్మంలో కాల్చీ. పోయినోడు ఏటో అడుగుతన్నాడు. పలక్కు."

పలకలేదు. రోజూ తెల్లారగట్ల కాయితాలు కాల్చేవాడు. రోజూ రాత్రి దువా చదివి నాలుగు మూలలా ఊదేవాడు. చేతికి తాయెత్తు కూడా కట్టించుకున్నాడు. ఇంత చేసినా పువ్వులు రావడం మానలేదు.

డిసెంబర్లో రాజుగారు ఫోన్ చేసేడు.

"ఏటయ్యా వాజిద్! ఆస్పత్రివాళ్ల రాత్రి బిల్లులు అడుగడుక్కీ ఆగిపోతన్నాయంట. రోగులు కౌంటరు దగ్గర గొడవ చేస్తన్నారు. రేపు రాత్రి ఒక్కసారి ఆగినా మనతో పని మానీస్తామన్నారు. వాళ్లు పోతే నేను సెంటరు మూసీవలిసిందే. నువ్వూ ఇంటికెళ్లిపోవచ్చు."

ఇంటికి! ఏ ఇంటికి? వాజిద్‌కి కూతురు చెయ్యి పట్టుకోబోతుంటే ఎవరో విదిలించి లాక్కున్నట్టయింది.

మర్నాడు పగలు అనకాపల్లి ఎళ్లలేదు. అల్తాఫ్ వదిలేసిన పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు.

ఇక్కడ ఆ మిషన్ సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే కథ బుర్రకెక్కదు. ఉన్నది ఒక్కటే పెద్ద మిషన్. దాని లోపలే చాలా మిషన్లున్నట్టు అల్తాఫ్ కనికట్టు చేసేడు. ఆస్పత్రి బిల్లులు ఒకదాంట్లో, కాలేజీ మార్కులు ఇంకోదాంట్లో, అలాగ. ఎవరికి వాళ్లు మిషనంతా మాదే అనుకుంటారు. వాటిని గెస్టులంటారు. ఒకే ఇంట్లో వాటాలకి దిగినట్టన్నమాట. ఎవరి తలుపు వాళ్లది. మెమరీకి ఎళ్లే తోవ మాత్రం అందరికీ ఒకటే.

మెమరీ అంటే వరసగా గదులనుకోండి. ఒక గదిలో సరుకు తీసుకుంటే ఎవరికీ బాధ లేదు. అదే సగం ఈ గదిలో, సగం పక్క గదిలో ఉన్న సరుకుని, ఇంకెవరూ ముట్టుకోకుండా ఒక్క పట్టున తియ్యాలంటే — తోవంతా మూసీవలిసిందే. సీజన్లో చెరుకు ట్రాక్టరు రోడ్డుకి అడ్డం తిరిగితే వెనక బస్సూ, సైకిలూ, పెళ్లికారూ అన్నీ ఆగిపోవూ? ఇదీ అంతే. ఒకసారి మూస్తే తెలీదు. ఎడాపెడా మూస్తే అందరి పనీ బిగుసుకుపోతాది.

మరి అలా మూస్తన్నది ఎవరు?

చీకటి పడింది. నరసమ్మ తడిక మూసుకుని ఎళ్లిపోయింది. ఏ గెస్టు తోవ మూస్తే దాని పేరు తెర మీద పడేలా వాజిద్ చిన్న ప్రోగ్రాం రాసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గదికే ఊపిరి ఆగినట్టయింది. కర్సరు నిలిచిపోయింది. మళ్లీ కదిలేసరికి తెర మీద వరసగా ఒకటే పేరు...

ఐదో గెస్టు. సొంతదారు — అల్తాఫ్.

ఐదో గెస్టు ఒకటుందనే వాజిద్‌కి తెలీదు. పోయినవాడి మిషన్ లోపల ఎవరున్నట్టు? ఆ పువ్వులు ఎవరు గీస్తన్నట్టు?

రాజుగారికి ఫోన్ చేసేడు. ఆయన విసుక్కున్నాడు.

"దాన్ని తీసీవయ్యా! చచ్చిపోయినోడి గెస్టు మనకెందుకు? ఒక్క మీట నొక్కితే పోతాది."

నిజమే, ఒక్క మీట. వాజిద్ వేలు దాని మీదికి ఎళ్లింది... ఆగింది. పోయినవాడి చొక్కా తొడుక్కోమన్నా తొడుక్కునేవాడేమో గాని, చింపీమంటే చెయ్యి రాలేదు. లోపలెవరో రోజూ అంత ఓపిగ్గా పువ్వులు గీస్తన్నారు. దెయ్యమే కావచ్చు. దానికి మాత్రం ఎవరున్నారు?

తియ్యలేదు. కళ్లెం వేసేడు. ఐదో గెస్టు తోవ మూసిన ప్రతిసారీ, తర్వాత కాసేపు అదొక్కటే పక్కన కూర్చోవాలి. మిగిలినోళ్లు ఎళ్లిపోతారు. అప్పుడే మళ్లీ దాని వంతు. అలాగ నాలుగు ముక్కలు రాసి మిషన్‌కి అప్పజెప్పేడు.

ఆస్పత్రి బిల్లులు మొదలయ్యేయి. వాజిద్ తాయెత్తు గుప్పిట్లో బిగించి కూర్చున్నాడు. కర్సరు ఒక్క రెప్పపాటు తడబడింది... సర్దుకుంది. డిస్కు టకటకలాడతానే ఉంది. ఒక పేజీ. ఇంకో పేజీ. ఆగలేదు. చివరి బిల్లు దాకా ఆగలేదు!

ఫోన్ మోగింది. ఆస్పత్రి గుమాస్తా.

"ఏం చేసేరండీ? మంచినీళ్ల ప్రాయంగా అయిపోయింది ఈ రాత్రి! మీ రాజుగారికీ చెప్పీసేను. పని మీతోనే."

ఫోన్ పెట్టేసి వాజిద్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. షబ్నమ్ వస్తాది. ఆ ఆలోచనకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ఆ సంతోషం చెప్పుకోడానికి ఎవరైనా ఉన్నారేమోనని అలవాటు కొద్దీ చుట్టూ చూసేడు.

అప్పుడు... తెర మీద అక్షరాలు పడ్డం మొదలెట్టేయి.

ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు మాటలు. ఒక్కో అక్షరమే... ఆగి ఆగి...

"ఎందుకింత నెమ్మదిగా నడుస్తంది? అల్తాఫ్ భాయ్... నామీద కోపమొచ్చిందా?"

వాజిద్ కుర్చీ వెనక్కి పడిపోయింది. తలుపు దాకా పరిగెట్టేడు. గడియ మీద చెయ్యేసి వెనక్కి చూసేడు. కర్సరు మిణుకుమిణుకుమంటంది. జవాబు కోసం చూస్తంది. దువా సగంలో మర్చిపోయేడు. మొదటికొచ్చి మళ్లీ చదివేడు. ఎలాగో తెర దగ్గరికొచ్చి, నిలబడే కొట్టేడు —

"ఎవరు?"

"నేనే. ఇష్రత్‌ని. చెల్లెల్నే మర్చిపోయేవా?"

"ఎక్కడున్నావు?"

"మంచం మీద. ఇంకెక్కడుంటాను? కాళ్లొచ్చేయా ఏటి నాకు?"

వాజిద్ టార్చి తీసుకుని మిషన్ వెనక దూరేడు. అల్తాఫ్ బిగించిన వైర్లు — ఎవరూ ముట్టుకోడానికి సాహసించని వైర్లు. అందులో ఒకటి వెనక గోడ కన్నంలోంచి బయటికి పోయింది. వెనక తలుపు తుప్పు పట్టిపోయి ఉంది. భుజం పెట్టి తోసేడు.

వైరు ప్రహరీ మీంచి, మునగచెట్టు మీంచి ఎళ్లి, అవతలున్న పెంకుటింటి కిటికీలో దూరింది. ఆ కిటికీలో తెర వెలుగు. ఆ వెలుగులో మంచం మీద ఒక ఆడపిల్ల, ఒళ్లో కీబోర్డు పెట్టుకుని...

అంతే! దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. అన్న చెల్లెలికి లాగిన వైరు. ఇన్నాళ్లూ తను దడుచుకు చచ్చింది ఒక కిటికీని చూసి! వాజిద్ పడీపడీ నవ్వేడు. ఆ నవ్వుతోనే లోపలికొచ్చేడు.

తెర నిండా మాటలున్నాయి.

"నాకు తెలుసు నువ్వేనని. అందరూ నువ్వు పోయేవన్నారు. అమ్మీ ఆ మిల్లు గుమ్మం ఇంక తొక్కనంది. మరి రోజూ ప్రింటర్లో కాయితం పెడతన్నదెవరు? నేను పంపిన పువ్వుల బుటాలు తీస్తన్నదెవరు? బుటాలొస్తే అమ్మీ అవి చూసి గుడ్డ మీద జరీ కుట్టేది. ఇప్పుడు నువ్వు ఇంటికి తేవడం మానీసేవు, అయినా పంపిస్తనే ఉన్నాను. నువ్వున్నావని ఎవరికీ చెప్పలేదు భాయ్. చెప్తే ఎళ్లిపోతావని..."

వాజిద్ నవ్వు ఆగిపోయింది.

అవునూ, నేనే అల్తాఫ్‌ని అని కొడితే చాలు. పిల్ల సంతోషిస్తాది. ఎవరికి నష్టం? వేళ్లు మీటల మీద పెట్టేడు కూడా. కానీ అనకాపల్లిలో అత్తగారు షబ్నమ్‌కి మీ అమ్మ ఊరెళ్లిందని చెప్తాది. ఇంటి ముందు రిక్షా ఆగినప్పుడల్లా ఆ గుంట గుమ్మంలోకి పరిగెడతాది. వచ్చింది అమ్మ కాదని చూసి వెనక్కొస్తాది. ఆ నడక వాజిద్‌కి తెలుసు. చూళ్లేక ఎన్నిసార్లు మొహం తిప్పుకున్నాడో.

"నేను అల్తాఫ్ కాదమ్మా" అని కొట్టేడు. "నా పేరు వాజిద్. ఆయన పోయేక ఈ కుర్చీలోకి వచ్చేను."

కర్సరు మిణుకుమిణుకుమంటా ఉండిపోయింది. ఎంతసేపో. మిషన్ ఆగలేదు. ఆగింది మిషన్ కాదు. వాజిద్‌కి చంపీసేనేమో అనిపించింది... ఆ పిల్ల అన్నని రెండోసారి.

"కాయితాలు తీసింది నువ్వా?"

"నేనే."

"ఉన్నాయా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "లేవు. భయమేసి కాల్చీసేను."

"నన్ను చూసా?"

"నిన్ను చూసే."

"నన్ను చూసి ఎవరూ ఎప్పుడూ భయపళ్లేదు" అని వచ్చింది. నవ్విందో, ఏడ్చిందో తెర మీద ఎలా తెలుస్తాది?

"నువ్వు బొమ్మలు గీసేటప్పుడు అందరికీ తోవ మూసుకుపోతంది తల్లీ. నీ గెస్టుని తీసీమన్నారు. నేను తియ్యలేదు. కాసేపు ఆగి ఎళ్లమన్నాను, అంతే. అందుకే నెమ్మది. కోపం కాదు."

"నెమ్మదైతే పర్లేదు. నాకేటి తొందర?"

వాజిద్ పడిపోయిన కుర్చీ ఎత్తి, దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ఇన్ని నెలల్లో ఆ గదిలో ఒకరు అడిగితే తను జవాబు చెప్పడం అదే మొదలు.

"రేపు కూడా నువ్వుంటావా?" అని పడింది తెర మీద.

ఆ సాయంత్రం దాకా ఎవరడిగినా ఆ మాటకి వాజిద్ దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. పని నిలబడింది, తనూ నిలబడ్డాడు. ధీమాగా కొట్టేడు —

"ఉంటాను. రోజూ ఉంటాను."

ఒక్కో అక్షరమే... ఆగి ఆగి... వచ్చింది.

"అల్తాఫ్ భాయ్ కూడా అలాగే అనేవాడు."