విల్లుల ఫ్యాక్టరీ టేకోవర్

“ముల్లూ, ఈసారి నువ్వు పిస్టల్ తీసుకెళ్ళడం లేదు. లాప్‌టాప్ తీసుకెళ్తున్నావ్,” అన్నాడు చీఫ్.

ముల్లు నిట్టూర్చాడు. ఒకసారి గుచ్చుకుంటే తేలిగ్గా బయటికి రాడని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది.

చీఫ్ బల్ల మీద నల్లటి కార్బన్ బద్ద ఒకటి పెట్టాడు. “పోటీల్లో వాడే విల్లుకి పై భాగం. ఎన్ని వేలసార్లు వంచినా పగలదు. దీన్ని చేసే ఫ్యాక్టరీని ఒక విదేశీ కంపెనీ కొంటోంది. దాని వెనకున్నది సాలీడు ముఠా. వాళ్ళకి విల్లులతో పనిలేదు. ఈ బద్దతో మడత రెక్కల డ్రోన్ చేస్తే ఏ రాడార్‌కీ దొరకదు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి సంతకాలు.”

“అమ్మకం ఆపేయొచ్చుగా సార్?”

“రుజువేదీ? లీగల్ వాళ్ళు ఫైలు మూడుసార్లు తిప్పికొట్టారు. నువ్వెళ్ళి పట్టుకురా. ఇంటిగ్రేషన్ కన్సల్టెంట్ వేషంలో.”

“అంటే ఏం చేస్తారు వాళ్ళు?”

“నాకూ తెలీదు. ఎవరూ అడగరులే.”

నిజంగానే ఎవరూ అడగలేదు. కొనేవాళ్ళు పంపారని అమ్మేవాళ్ళు అనుకున్నారు. అమ్మేవాళ్ళు పిలిచారని కొనేవాళ్ళు అనుకున్నారు. కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు, స్లైడ్స్ చూపించమన్నారు.

మూడు రోజులు ముల్లు స్లైడ్స్ చూపిస్తూనే ఉన్నాడు. కాన్ఫరెన్స్ రూంలో మైక్ పెట్టడానికి పైనుంచి అనుమతి రాలేదు. కెమెరా ఉన్న కళ్ళజోడు గంటకోసారి చార్జింగ్ అడిగేది. ఏం చెప్పాలో తోచక, ఇంటర్నెట్‌లో దొరికిన ‘క్లీన్ వర్క్‌ప్లేస్’ పాఠం దింపేశాడు. వర్కర్లు ఆవలిస్తూ చప్పట్లు కొట్టారు.

ఓనరమ్మ మాత్రం శ్రద్ధగా నోట్స్ రాసుకుంది. భర్త పోయాక ఎనిమిదేళ్ళుగా ఒంటిచేత్తో నడుపుతోంది. అలిసిపోయింది.

“పనివాళ్ళలో ఒక్కరినీ తీసెయ్యబోమని కొనేవాళ్ళు మాటిచ్చారు బావగారూ,” అంది మేస్త్రితో.

మేస్త్రి ఆమె భర్తకి అన్న. బద్దని గరుకు కాగితంతో రుద్దుతూ తల ఎత్తకుండానే అన్నాడు: “ఒక్కరినెందుకు తీస్తారమ్మా? ఫ్యాక్టరీనే ఎత్తుకుపోతారు.”

“మీకన్నీ అనుమానాలే!” అంటూ నవ్వుతూ వచ్చింది సినర్జీ మేడం. ఓనరమ్మ జీతమిచ్చి పెట్టుకున్న సలహాదారు. పట్టు చీర, ఖరీదైన సెంటు, మాటకి ముందోసారి వెనకోసారి ‘సినర్జీ’ అనే కంపెనీల ఊతపదం; అందుకే ఆ పేరు. ఆమె వస్తే మెషీన్లు కూడా కాస్త మెల్లగా తిరుగుతున్నట్టుండేది.

గురువారం మధ్యాహ్నం మెట్ల కింద ఆమె ఫోన్లో గుసగుసలాడటం ముల్లు చెవిన పడింది. “కంప్యూటర్లో ఉన్నవి పాత అంకెలు. వాటితో చేసిన బద్ద పగిలిపోతోంది. అసలువి ఇక్కడే ఎక్కడో ఉన్నాయి. దొరికాకే డబ్బు కట్టండి.”

ఓనరమ్మ ఉప్పు తింటూ సాలీడుకి పనిచేస్తోందన్నమాట! ముల్లు జేబులోని పెన్ రికార్డర్ తీసి చూశాడు. మెమరీ ఫుల్. మూడు రోజుల తన స్లైడ్స్ ఉపన్యాసాలే అందులో నిండి ఉన్నాయి.

నోటికొచ్చినట్టు తనని తానే తిట్టుకుని మేస్త్రి దగ్గరికి పరుగెత్తి తానెవరో చెప్పేశాడు. “అసలు అంకెలు ఎక్కడ రాస్తావు పెద్దాయనా?”

మేస్త్రి బద్దలు కాల్చే ఓవెన్ పక్క గోడ చూపించాడు. పాత సున్నం మీద పెన్సిల్‌తో రాసిన వందల అంకెలు. ఏ బద్దకి ఎంత వేడి, ఎన్ని నిమిషాలు. ముప్పై ఏళ్ళ పని.

“కంప్యూటర్‌కి చెప్పలేదా?”

“అది ఎప్పుడైనా అడిగిందా?”

కళ్ళజోడులో చార్జింగ్ లేదు. విజిటర్ల ఫోన్లు గేటు దగ్గరే ఉంచేసుకుంటారు. పొద్దున్నే కళ్ళజోడు చార్జ్ చేసి తెచ్చి ఫొటో తీసి, ఎవరూ ముట్టకుండా ఆ గోడకి ప్రభుత్వ సీలు వేయించాలనుకున్నాడు ముల్లు.

శుక్రవారం గేటు దగ్గర అతని విజిటర్ పాస్ గడువు తీరిపోయింది. కొత్తది ఇచ్చేసరికి మూడున్నర దాటింది.

లోపలికి వెళ్ళేసరికి, గోడ సంగతి ఎలాగో పసిగట్టిన సినర్జీ మేడం, మేస్త్రి దాని ముందు నిలబడి ఉన్నారు. గోడ పాల మీగడలా తెల్లగా మెరిసిపోతోంది.

“ఎవడు పూశాడీ పెయింట్?” అరిచిందామె.

మూలనున్న వర్కర్ బ్రష్ దాచుకున్నాడు. “కన్సల్టెంట్ సారే చెప్పారు కదమ్మా. నాలుగో స్లైడు. గోడల మీద రాతలుండకూడదని. రాత్రి షిఫ్టువాళ్ళం రెండు కోటింగులు వేశాం.”

మేస్త్రి ముల్లు వైపు చూశాడు. ఆ చూపు కన్నా తూటా నయం.

సినర్జీ మేడం హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. “ముసలాయనా, అంకెలు చెప్పు. పైన మా వాళ్ళు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. నువ్వు కదలకు, కన్సల్టెంట్.”

“నా నోటికి రావమ్మా. చేతికొస్తాయి. బద్ద పట్టుకుంటే చెప్తా.” మేస్త్రి టెస్టింగ్ స్టాండ్ దగ్గరికి నడిచాడు. అందులో మెషీన్ పూర్తిగా లాగిపెట్టిన విల్లు ఉంది. బాణం లేదు. బాణం లేకుండా నారి వదిలితే ఆ బలమంతా విల్లు మీదే పడి అది తునాతునకలవుతుంది. ఆ పని చేసినవాణ్ణి ఆ ఫ్యాక్టరీలో రెండోరోజు ఉండనిచ్చేవాడు కాదు మేస్త్రి.

కళ్ళు మూసుకుని నారి వదిలే పెడల్ తొక్కాడు.

ధన్‌మని విల్లు పేలింది. ముక్క ఒకటి దూసుకొచ్చి సినర్జీ మేడం మణికట్టుకి తగిలింది. పిస్టల్ జారి ఓవెన్ కింద పడింది. ముల్లు ఆమె చేతులు వెనక్కి విరిచి వర్కర్లకి అప్పజెప్పి, మెట్లెక్కాడు. మూడు యాభై తొమ్మిది. ఓనరమ్మ పెన్ను కాగితాన్ని తాకింది. ముల్లు ఆ కాగితాన్ని కిందినుంచి లాగేశాడు. గీత ఒకటి బల్ల మీద పడింది.

“ఏంటిది బాబూ?”

“మీ ఫ్యాక్టరీ ఇంకా మీదే అమ్మా.”

నాలుగూ పదికి చీఫ్ పంపిన కమాండోలొచ్చారు. వాళ్ళకీ పాసులు ఆలస్యమయ్యాయట. సాలీడు ప్రతినిధులు ముగ్గురూ దొరికారు. పిస్టల్ దొరికింది. సినర్జీ మేడం ఫోన్లో రుజువు దొరికింది. మేస్త్రి మాత్రం తెల్లగోడ ముందు స్టూలేసుకుని కొత్త పెన్సిల్ చెక్కుకుంటున్నాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. “పెయింట్ ఐడియా అద్భుతం! పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ ఫ్యాక్టరీ దేశానికి అంత ముఖ్యమని ఇప్పుడు తెలిసింది కదా, సోమవారం నుంచి డిపార్ట్‌మెంటే స్వాధీనం చేసుకుంటోంది. వాళ్ళకి కాస్త మెల్లగా చెప్పు.”

ముల్లు ఫోన్ పెట్టేసి, మేస్త్రి పక్కన ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఎవరు బాబూ?” అడిగాడు మేస్త్రి.

“మిమ్మల్ని తీసుకునే కొత్తవాళ్ళు.”

“వీళ్ళూ స్లైడ్స్ చూపిస్తారా?”

“లేదు పెద్దాయనా. ఫారాలు నింపిస్తారు.”