వెథర్‌బీ తోటలో పిట్ట ముద్ర

నవంబరు ఆరో తేదీ మధ్యాహ్నం మూడు గంటల ముప్పై ఐదు నిమిషాలకు లూసిల్ గానియన్ కారు డిక్కీ మూసి, ఫ్లాస్కులోని కాఫీని రెండు మూతల్లోకి వంచింది. ఒకటి అక్కకిచ్చింది. అక్క ఓడెట్ తాగలేదు. మూతను రెండు చేతులతో పట్టుకుని వేళ్ళు వెచ్చబెట్టుకుంది.

వెథర్‌బీ తోట గేటు ఆ రోజు నాలుగున్నరకు మూస్తే మళ్ళీ ఏప్రిల్లోనే తెరుస్తారు. తోటమాలి ఆల్డెన్ గేటు దగ్గర పుస్తకం తెరిచి, ఇద్దరి పేర్లూ ఫోన్ నంబరూ రాయించుకున్నాడు.

"ఇద్దరు లోపలికి. ఇద్దరూ బయటికి రావాలమ్మా, నేను లెక్క చూసుకునే తాళం వేస్తా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయిదు గంటల దాకా పైన వాళ్ళు పనిలో ఉంటారు. కాస్త మెల్లగా మాట్లాడండి," అన్నాడు.

పైన వాళ్ళంటే చిత్రకారులు, రచయితలు, బాణీలు కట్టేవాళ్ళు. వెథర్‌బీ దంపతులు తమ ఇల్లూ తోటా అలాంటివాళ్ళ కోసం రాసిచ్చి వంద సంవత్సరాలు దాటింది. ఒక్కొక్కరికి చెట్ల మధ్య ఒక్కో గది. అందుకే ఆ తోటలో ఎవరైనా గుసగుసలాడాల్సిందే.

అక్కచెల్లెళ్ళు పద్దెనిమిదేళ్ళుగా డబ్బాల వేటలో ఉన్నారు. ఎవరో ఒక డబ్బాను రాళ్ళ సందులోనో చెట్టు తొర్రలోనో దాచి, దారి తెలిపే నాలుగు వాక్యాలు రాసి పెడతారు. డబ్బాలో ఒక రబ్బరు ముద్ర, ఒక చిన్న పుస్తకం ఉంటాయి. పట్టుకున్నవాళ్ళు ఆ ముద్రను తమ పుస్తకంలో వేసుకుంటారు. తమ సొంత ముద్రను డబ్బాలోని పుస్తకంలో వేసి, తేదీ రాసి, దాన్ని ఉన్నచోటే పెట్టేస్తారు. అంతకు మించి బహుమతేమీ లేదు. ఎవరి ముద్ర వాళ్ళే చెక్కుకోవాలి. ఓడెట్‌ది తోక నిక్కించిన చిన్న పిట్ట. సిరా అద్దాక ముద్రను డబ్బా అంచు మీద రెండుసార్లు టక్ టక్‌మని కొట్టి గాని కాగితం మీద పెట్టదు. లూసిల్‌ది చెంచా. ఆ చెంచా మీద అక్క వేళాకోళం ఈ పద్దెనిమిదేళ్ళలో ఒక్కరోజూ ఆగలేదు.

వెథర్‌బీలో నాలుగు డబ్బాలున్నాయి. నాలుగు కాలాల పాలరాతి బొమ్మల కాళ్ళ దగ్గర నాలుగు. వసంతం, వేసవి, ఆకురాలు కాలం ఇదివరకే దొరికిపోయాయి. మిగిలింది చలికాలం ఒక్కటే. అది యాభై రెండు మెట్ల పైన ఉంది.

ఆగస్టులో ఓడెట్ గుండెకు ఆపరేషన్ అయింది. అప్పట్నించీ ఊపిరి తీస్తే సన్నని కూత. గులాబీ మడుల దగ్గర రాతి బల్ల కనబడగానే లూసిల్ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది.

"నన్ను పూలకుండీలా ఇక్కడ పెట్టేసి నువ్వొక్కదానివే పోతావా, మొద్దూ?"

"యాభై రెండు మెట్లక్కా. డాక్టరు పది కూడా వద్దన్నాడు."

"డాక్టరు ఎప్పుడైనా డబ్బా వెతికాడా? వాడికేం తెలుసు."

"పోనీ, నీ ముద్ర కూడా నేనే వేసొస్తాలే. నా సంచీలోనే ఉందిగా."

ఓడెట్ నవ్వు ఆపింది. "వద్దు. నా చెయ్యి చేరని చోట నా ముద్ర పడకూడదు. ముద్ర పడిందంటే మనిషి అక్కడ ఉన్నట్టు. ఎక్కడున్నదీ ఎక్కడ లేనిదీ అబద్ధం చెప్పకూడదే." కూత వేసే ఊపిరి ఒకటి తీసుకుంది. "డబ్బా ఉందో లేదో చూసిరా చాలు. ఏప్రిల్లో నేనే ఎక్కుతా. నీ చెంచాతో నువ్వు వేసుకో."

లూసిల్ తల ఊపింది. ఆగస్టులో ఆసుపత్రి వరండాలో డాక్టరు తనతో విడిగా చాలా చెప్పాడు. ఆ మాటల్లో ఏప్రిల్ లేదు. అక్కకు ఆ నాలుగోది దక్కాలి. దక్కాక అక్క క్షేమంగా ఇంటికి చేరాలి. ఆ రోజు ఆమె కోరుకున్నది ఈ రెండే.

డోనట్ల పొట్లం అక్క ఒళ్ళో పెట్టి, మెట్లెక్కింది.

మెట్ల మీద తడి ఆకులు మందంగా పరుచుకున్నాయి. కుళ్ళుతున్న గులాబీల వాసన కింద ఆగిపోయింది. పైకెళ్ళేకొద్దీ కోసిన చెక్క వాసన. చలికి పాలరాయి పగలకుండా బొమ్మల మీద ఏటా చెక్క పెట్టెలు దించి మేకులు కొడతారు. నిలువెత్తు పెట్టెలు, కిటికీ లేని గదుల్లా. ఎక్కడో ఎవరో పియానో మీద అవే నాలుగు స్వరాలు మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు. మూడు పెట్టెలు దాటేసరికి పియానో ఆగింది.

నాలుగో పెట్టె చివరి మెట్టు మీద, గోడకు ఆనుకుని ఉంది. 'చలికాలం కాళ్ళ దగ్గర, ఎడమవైపు, కదిలే రాయి.' రాయి కదిలింది. డబ్బా దొరికింది. గడియారం నాలుగు గంటల రెండు నిమిషాలు.

పుస్తకంలో ముద్రలు ఎక్కువ లేవు. ముందు ఏడాది చివరి పేజీలో రెండున్నాయి, చేప, తాళంచెవి. కింద ఎవరో ఆడమనిషి దస్తూరీ: 'ఆయన కారులో కూర్చున్నారు. ఆయన ముద్ర కూడా నేనే వేశాను.'

అది చూసి లూసిల్‌కు ధైర్యం వచ్చింది. అందరూ చేసేదే కదా. తన చెంచా వేసింది. తర్వాత సంచీలోంచి అక్క పిట్టను తీసింది. నీలం సిరా అద్ది, పక్కనే ఒత్తి పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి తీసింది. తోక కొస దాకా చక్కగా పడింది. తేదీ వేసి, 'ఓడెట్, లూసిల్' అని రాసింది.

టక్. టక్.

వెనక నుంచి. చెక్క మీద.

లూసిల్ తిరిగి చూసింది. మెట్లు ఖాళీ. పెట్టె ఉంది. మేకుల తలలు కొత్తగా మెరుస్తున్నాయి.

ఉడతేమో అనుకుంది... చెక్క బిగుసుకుంటే చప్పుడవుతుంది కూడా. డబ్బా మూత పెట్టింది. దాన్ని రాయి వెనక పెట్టేసింది.

టక్ టక్.

అప్పుడు ఊపిరి వినబడింది. సన్నగా. కూత వేస్తూ. ఒకటి లోపలికి... ఆగి... ఒకటి బయటికి. మూడు నెలలుగా పక్క గదిలోంచి రాత్రంతా వింటున్న ఊపిరి.

"అక్కా?" గుసగుసగా అంది. "ఎక్కొచ్చేశావా? ఎందుకెక్కావక్కా..."

పెట్టె చుట్టూ తిరిగింది. మూడు వైపులా ఎవరూ లేరు. నాలుగో వైపు గోడ. పెట్టెకీ గోడకీ మధ్య చెయ్యి కూడా దూరదు.

చెవి చెక్కకు ఆనించింది.

చెక్క వెచ్చగా ఉంది.

"మొద్దూ," అంది లోపల గొంతు, చాలా మెల్లగా, పైన వాళ్ళకు వినబడకూడదన్నట్టు. "చీకటిగా ఉందే..."

లూసిల్ మెట్లు ఎలా దిగిందో తనకే తెలియదు. ఆకుల మీద రెండుసార్లు జారింది. మోకాలు గీరుకుంది. బల్ల మీద అక్క లేకపోతే... లేకపోతే...

ఉంది.

ఓడెట్ బల్ల మీదే కూర్చుని ఉంది. వీపు నిటారుగా, చేతులు ఒళ్ళో. లూసిల్ ఆమె ముందు కూలబడి ఆ చేతులు పట్టుకుంది. ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. చేతులు రాయిలా చల్లగా ఉన్నాయి. కుడి బొటనవేలి మీద నీలం సిరా.

"ఇదేంటక్కా?"

"ముద్ర వేశాంగా," అంది ఓడెట్. "పైన."

"నువ్వు పైకి రాలేదు."

"వచ్చాను, లూసిల్. నా ముద్ర ఉంది కదా."

డోనట్ల పొట్లం విప్పలేదు. కాఫీ మూతలో నిండుగా అలాగే ఉంది. ఓడెట్ లేచి, చెల్లెలి చెయ్యి అందుకోకుండా, గేటు దాకా నడిచింది. ఎక్కడా ఆగలేదు. ఆమె పక్కన నడుస్తున్న లూసిల్‌కు తన ఊపిరి ఒక్కటే వినబడింది.

గేటు దగ్గర లూసిల్ ఒక్కసారి వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది. పైన నల్లగా ఉంది. అక్క పక్కనే ఉందిగా, అనుకుంది. కళ్ళెదుటే ఉంది. భయపడితే చెవులు ఏవో వింటాయి.

"ఇద్దరు," అని ఆల్డెన్ పుస్తకంలో గీత కొట్టాడు. తాళం వేశాడు. నాలుగు గంటల పంతొమ్మిది నిమిషాలు.

ఇంట్లో అంతా బాగానే ఉంది. పెట్టిందల్లా ఓడెట్ తింటోంది. మెట్లెక్కి తన గదికి తనే వెళ్తోంది. రాత్రిళ్ళు పక్క గదిలోంచి ఏ చప్పుడూ రావడం లేదు. ఆరో రోజు డాక్టరు ఆమె వీపు మీద పరికరం పెట్టి, చోటు మార్చి, మళ్ళీ మార్చి చాలాసేపు విన్నాడు. "చాలా నిశ్శబ్దంగా ఉంది," అన్నాడు. అది మంచిదో కాదో చెప్పలేదు.

నాలుగో డబ్బా గురించి ఓడెట్ ఒక్కమాటా అడగలేదు. పిట్ట ముద్ర లూసిల్ సంచీలోనే ఉంది, సిరా ఎండిపోయి. ఒక పొద్దున వంటింటి బల్ల దగ్గర లూసిల్ కావాలనే తన చెంచా ముద్రను ఆమె ముందు పెట్టింది. ఒక్క వేళాకోళం, ఒక్క 'మొద్దు' అన్నా చాలనుకుంది. ఓడెట్ దాన్ని చూసి, "ఇది చెంచా, లూసిల్," అంది.

నవంబరు పదిహేనున ఉదయం పదకొండు గంటలకు ఆల్డెన్ ఫోన్ చేశాడు.

"ఏమీ అనుకోకండమ్మా, ఒక మాట అడుగుదామని. మీ అక్కగారిది పిట్ట ముద్రే కదా? మెట్ల పైన డబ్బాలో పుస్తకం చూశాను. మీ ఇద్దరి పేర్లున్నాయి."

"అవును."

"ఆ పక్క గదిలో ఉండే చిత్రకారుడు వారం నుంచి గొడవ చేస్తున్నాడు. చివరి పెట్టెలో ఏదో జంతువు ఇరుక్కుంది, రాత్రంతా ఊపిరి తీస్తోంది, చెక్క కొడుతోందని. ఏ జంతువయ్యా, మేకులు నేనే కొట్టానన్నాను. అందులో బొమ్మ కూడా లేదమ్మా. చలికాలం బొమ్మ చెయ్యి విరిగితే ఆగస్టులోనే బాగుచేయడానికి పంపేశాం. పీఠం పగలకుండా వట్టి పెట్టె దించాం, అంతే. నిన్న రాత్రి ఆ చప్పుడు ఆగిపోయిందట."

వంటగదిలో ఓడెట్ కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది. కదలడం లేదు.

"ఇవాళ పొద్దున మేకులు తీసి చూశాను," అన్నాడు ఆల్డెన్. ఖాళీ తోటలో కూడా అతను గుసగుసగానే మాట్లాడుతున్నాడు. "లోపల ఎవరూ లేరు. నాలుగు చెక్కల మీదా పిట్టలమ్మా. నీలం పిట్టలు. మనిషి కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తు దాకా, చోటు లేకుండా. కింద మూలన ఉన్నదాన్ని వేలితో తాకాను."

"తాకితే?"

"ఇంకా తడిగానే ఉంది."